జేబుల మామయ్య కోటు

ఆ ఏడు వానలు ముందే దిగాయి. వానలంటే ఊరందరికీ గొడుగులు గుర్తొస్తే, మా ఇంట్లో కాగితాలు గుర్తొస్తాయి. మా ముందు గదే మా కొట్టు. పాత సినిమాల వాల్‌పోస్టర్లు, పాటల పుస్తకాలు, హాలు బయట గాజు పెట్టెల్లో అంటించే ఫొటోలు, చిరిగిన టికెట్ ముక్కలు, ఇంటర్వెల్లో తెర మీద వేసే గాజు స్లైడులు, మూతపడ్డ హాళ్ళ కుర్చీల నంబరు బిళ్ళలు, టీవీ నాటకాల్లో వాడిన టోపీలు, టెలిఫోన్లు, చెక్క కత్తులు, అన్నీ ఉంటాయి. సగానికి సగం చెమ్మ తగిలితే పాడైపోయే సరుకే. పొద్దున లేచింది మొదలు పోస్టర్ల మధ్య పల్చటి కాగితాలు మార్చడం, తడిసినవాటిని ఫ్యాను కింద పరవడం, చెదపురుగు చేరిందేమో చూడటం, అన్నీ నా నెత్తినే. మా ఆయనా బావగారూ మాత్రం ఆ కాగితాల మధ్యే కూర్చుని కోటు గురించి పోట్లాడుకునేవాళ్ళు.

ఆ కోటు సంగతి ముందు చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు టీవీలో 'జేబులో కథ' అని వారానికోసారి ఒక కార్యక్రమం వచ్చేదట. ఒళ్ళంతా జేబులున్న కోటు వేసుకుని ఒకాయన వచ్చి, ఏదో ఒక జేబులోంచి ఒక వస్తువు తీసి, దాని మీద కథ చెప్పేవాడట. పిల్లలకి ఆయన జేబుల మామయ్య. మాటిమాటికీ 'అట' అని ఎందుకంటున్నానంటే, మా పుట్టింట్లో అప్పటికి టీవీ లేదు, నేను చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. టేపులకి కరువుగా ఉన్న రోజుల్లో వాటి మీదే ఇంకేవో ఎక్కించేసి దాన్ని చెరిపేశారు. మిగిలినవి కొన్ని నలుపు తెలుపు ఫొటోలు, వాటిలో కోటు బూడిద రంగులో ఉంటుంది.

బావగారు ఆ కోటు ఎరుపంటారు. మా ఆయన ఆకుపచ్చంటాడు. కాపురానికొచ్చిన కొత్తలో నేను ఇదేదో సరదా అనుకున్నాను. సరదా లేదు, పాడూ లేదు. కొట్టులో ఈ గోడ మీద బావగారు స్వయంగా వేసిన బొమ్మలో ఎర్ర కోటు, ఆ గోడ మీద మా ఆయన పంతం పట్టి వేయించిన బొమ్మలో పచ్చ కోటు. వచ్చినవాళ్ళు "మామయ్యలు ఇద్దరా అండీ?" అని అడిగేవాళ్ళు. భోజనాల దగ్గర కోటు మాట ఎత్తితే కంచాలు తీసేస్తానని అత్తయ్య కట్టడి చేసింది. బావగారికి పెళ్ళి కాలేదు. ఎవరైనా అడిగితే "వాడు ఎప్పుడో ఆ కోటుని కట్టుకున్నాడమ్మా" అనేది అత్తయ్య.

ఆ వానాకాలంలోనే ఊళ్ళోవాళ్ళు మూతపడ్డ పాత సినిమా హాలుని బాగుచేసి, దాని వరండాలో పాత సినిమాల, టీవీల జ్ఞాపకాలతో ప్రదర్శన పెడదామనుకున్నారు. టీవీ భాగం మొత్తం బావగారికి అప్పజెప్పారు. ఈ సరుకులో ఏది అసలో ఏది నకిలీయో తేల్చడంలో ఆయన మాటకి తిరుగులేదు మరి. ఎక్కడెక్కడి వాళ్ళో వస్తువులు సంచుల్లో పెట్టుకుని వచ్చేవాళ్ళు. దానికి ఆయన పద్ధతి ఆయనకి ఉంది. వస్తువుని ముట్టుకోరు. దాన్ని ఎదురుగా బల్ల మీద పెట్టించి, చిన్నప్పుడు టీవీకి ఎంత దూరంలో కూర్చునేవారో అంత దూరంలో కుర్చీ వేసుకుని, కళ్ళు సగం మూసి చూస్తారు.

"చేత్తో పట్టుకుంటే ఏదైనా నిజంలాగే ఉంటుందమ్మాయ్. మనం చూసింది తెర మీద. ఆ దూరం నుంచి గుర్తుకొస్తేనే అది అసలు" అనేవారు నాతో.

ప్రదర్శన గుమ్మంలో నిలబెట్టడానికి జేబుల మామయ్య నిలువెత్తు కటౌట్ ఒకటి తయారుచేస్తున్నారు బావగారు. కోటుకి ఎర్ర రంగు పూయడం చూసి మా ఆయన అలిగాడు. తన దగ్గరున్న ఫొటోలు ఒక్కటీ ఇవ్వనన్నాడు.

"నీ ఫొటోలు లేకపోతే ప్రదర్శన ఆగిపోతుందేమిట్రా?"

"ఆగదు. అబద్ధాలతో జరుగుతుంది."

ఈ గొడవ ఇలా నడుస్తుండగా, జోరు వానలో ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. బస్సు కండక్టరు దుస్తులు, భుజాన టికెట్ల సంచి, గుండెలకి హత్తుకుని ఇంకో సంచి. తను పూర్తిగా తడిసింది, సంచి మాత్రం తడవలేదు.

"పాత వస్తువులు చూసి చెప్పేది ఎవరండీ ఇక్కడ? నేను అమ్మడానికి రాలేదు. చూసి ఒక్క మాట చెప్తే చాలు" అంది.

సంచిలోంచి కోటు తీసి బల్ల మీద పరిచింది. నేను పక్కనే ఉన్నాను. పాతబడి మెత్తబడ్డ గుడ్డ. ముందూ పక్కలా చేతుల మీదా జేబులే జేబులు. లేత పసుపు రంగు.

బావగారు మామూలుగానే కుర్చీ లాక్కుని దూరంగా కూర్చున్నారు. మా ఆయన అలక మర్చిపోయి వచ్చి, బల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు చూశారు.

"పసుపు" అన్నారు బావగారు. "కాదమ్మా. ఇది అది కాదు."

నేను మా ఆయన వైపు చూశాను. అన్న కాదన్నాడు కాబట్టి అవునని ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "అన్నయ్య చెప్పింది నిజమేనండీ. ఇది కాదు" అన్నాడు. కోటు విషయంలో ఇద్దరూ ఒక మాట మీదకి రావడం నా కాపురంలో అదే మొదటిసారి. వచ్చింది కాస్తా తప్పు మాట మీదకి వచ్చారు, నా ఖర్మ.

"ఇది మా నాన్న కోటండీ. ఆయనే జేబుల మామయ్య" అంది కండక్టరమ్మ. "స్టూడియోలో తెల్ల బట్టయితే దీపాలకి మెరిసిపోతుందని పసుపుది కుట్టించమన్నారట. మా అమ్మే కుట్టింది."

బావగారు మర్యాదస్తులు. ఆ మర్యాదే ఆవిణ్ణి ఇంకా కోసింది. "చాలామంది అలాగే వస్తారమ్మా. కిందటేడు కూడా ఒకాయన తనే జేబుల మామయ్యనని వచ్చాడు. మీ తప్పు కాదు, పెద్దవాళ్ళు ఏదో చెప్తారు, మనం నమ్ముతాం."

ఆవిడ ముఖం మాడిపోయింది. కోటుని నలగకుండా మడత పెట్టింది. "మంచిదండీ. మీకు తెలియంది ఉండదు కదా" అని ఒక్క మాట అని, మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయింది.

నేను ఊరుకోగలిగే మనిషినైతే ఈ కథ అక్కడే అయిపోయేది. గొడుగు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. బస్‌స్టాప్ రేకుల కింద దొరికింది.

"మిమ్మల్నేనండీ, ఒక్క నిమిషం. మా వాళ్ళు అన్నదానికి ఏమనుకోకండి."

"అనుకోడానికేముంది? అందరూ అన్నదే వాళ్ళూ అన్నారు." అలా అనేసి సంచిని ఇంకాస్త బిగించి పట్టుకుంది. తర్వాత తనే మొదలుపెట్టింది. "బేరానికి రాలేదండీ నేను. నాన్నకి ఈమధ్య మతిమరుపు. వయసు, సరే. టీవీలో కథలు చెప్పిన సంగతి ఒక్కటీ మర్చిపోలేదు. అది అందరికీ చెప్పుకుని మురిసేవారు. మొన్న మా వీధిలో ఒకతను ఫోన్లో వెతికి, 'అలాంటి ప్రోగ్రామే లేదు పెద్దాయనా, కల గన్నావేమో' అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వేశారు. మర్నాడు నన్ను దగ్గరికి పిలిచి, 'ఏమ్మా, నేను నిజంగానే చేశానా, లేక ఊరికే అలా అనుకుంటున్నానా?' అని అడిగారు."

జల్లు కొడుతుంటే నేను గొడుగు ఆవిడ వైపు అడ్డం పెట్టాను.

"చేశావు నాన్నా అన్నాను. 'నువ్వు చూశావా?' అన్నారు. నేనప్పటికి పుట్టనే లేదు. అమ్మ ఉంటే చెప్పేది, అమ్మా లేదు. చూసినవాళ్ళు ఎవరైనా ఒక్కరు ఆయన ముందుకొచ్చి, 'అవును, చూశాం' అంటే చాలండీ. మీ బావగారి మాటంటే అందరికీ గురి అని విని వచ్చాను. తీరా ఆయనే కాదన్నారు. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పను?"

బస్సు వచ్చింది. డ్యూటీ ఎక్కాలి. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఏమీ చెప్పకండి. ఆ ప్రదర్శన తెరిచేలోపు మా వాళ్ళిద్దర్నీ మీ ఇంటికి తీసుకొచ్చే పూచీ నాది."

"వాళ్ళు నమ్మట్లేదుగా?"

"వాళ్ళ నమ్మకం సంగతి నేను చూసుకుంటాను. మీరు బస్సెక్కండి."

ఎలా చూసుకుంటానో అప్పటికి నాకూ తెలీదు. కానీ ముందు మాట ఇచ్చేస్తే దారి తర్వాత అదే దొరుకుతుంది. నాకెప్పుడూ దొరికింది.

ఆ పూట భోజనాల దగ్గర అత్తయ్య కట్టడిని పక్కన పెట్టి, కోటు మాట నేనే ఎత్తాను. కండక్టరమ్మ చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మా ఆయన తల దించుకున్నాడు. బావగారు మెత్తగానే అన్నారు కానీ తగ్గలేదు.

"పాపం ఆ పెద్దాయన. కానీ జాలిపడి కాని రంగుని అవుననలేను కదా అమ్మాయ్. మేం కళ్ళారా చూశాం. మాది కలర్ టీవీ. మా వీధిలో రెండో కలర్ టీవీ తెచ్చింది నాన్న."

"అవును, చుట్టుపక్కల అమ్మలక్కలంతా దాని గురించే చెప్పుకునేవాళ్ళు" అని వంత పాడాడు మా ఆయన. "నాన్న ఆ టీవీ తెచ్చిన రోజు నాకింకా గుర్తే."

"మరి ఒకే కలర్ టీవీలో ఒకరికి ఎరుపూ ఒకరికి ఆకుపచ్చా ఎలా కనపడిందండీ?" అన్నాను.

"వీడికి చూపు సరిగా లేదు" అన్నారు బావగారు. "నాకు కాదు, అన్నయ్యకే" అన్నాడు మా ఆయన. ఇంకేముంది, మొదలు.

అత్తయ్య కంచాలు తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. తన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అంత మాటకారి మనిషి నోరు మెదపకుండా వెళ్ళిందంటే ఏదో ఉందన్నమాటే.

మర్నాడు వెనక గది కిటికీ దగ్గర కూర్చుని, ఒలిచిన బఠాణీలనే మళ్ళీ ఏరుతోంది. నేను ఎదురుగా చాప లాక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, మీరేదో దాస్తున్నారు."

"నేనేం దాస్తానే? నా కడుపులో మాట ఎప్పుడైనా దాగిందా?"

"ఇదొక్కటీ దాగింది. చెప్పండి."

గింజలు పక్కన పెట్టింది. గొంతు తగ్గించి అంది, "అది కలర్ టీవీ కాదే."

నేను చాప మీద ముందుకి జరిగాను.

"ఎదురింట్లో కలర్ టీవీ కొన్నారు. ఆ ఇంటి పిల్లలు వీళ్ళని కిటికీలోంచి కూడా చూడనిచ్చేవాళ్ళు కాదు. వీళ్ళేమో ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మీ మామగారికి పౌరుషం ఎక్కువ. వెళ్ళి ఎవరో వాడేసిన నలుపు తెలుపు టీవీ తెచ్చారు. దాని ముందు రంగుల ప్లాస్టిక్ అట్ట కట్టి, ఇదిగో మనదీ కలర్ టీవీయే అన్నారు. పిల్లలు నమ్మారు. వాళ్ళు వీధంతా చెప్పుకొచ్చారు. ఆయన కాదనలేదు. నేనూ కాదనలేదు. ఆయన పోయాక ఇంక ఎలా చెప్పను? వాళ్ళకి నాన్నంటే ఆ టీవీయే."

అలాంటి అట్టలు నాకు కొత్త కాదు. పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. మా కొట్టులోనే ఉన్నాయి. వాటిని చూపించి బావగారు వచ్చినవాళ్ళని నవ్విస్తారు కూడా, "దీన్ని చూసి కలర్ టీవీ అనుకున్న అమాయకులుండేవాళ్ళండీ ఆ రోజుల్లో" అని. తను ఆ అమాయకుల్లో ఒకడినని పాపం ఆయనకి తెలీదు.

"ఇప్పుడు చెప్తే నాన్న మోసం చేశాడనుకుంటారు" అంది అత్తయ్య. కళ్ళు తుడుచుకుంది. "మాట పడి ఎరగని మనిషే ఆయన."

"మామగారి సంగతి మీ ఇష్టం అత్తయ్యా, నేను బలవంతం చేయను. కానీ అక్కడ ఒకాయన తన బతుకే అబద్ధమేమో అనుకుంటూ కూర్చున్నాడు."

అత్తయ్య లేచి చీర దులుపుకుంది.

"పోయినాయన పరువు పోతే ఆయనకి తెలీదు. ఆ బతికున్నాయనకి తెలుస్తుంది కదే. పద, ఆ పాత టీవీ ఒకటి దింపమను."

ప్రదర్శన కోసం బాగుచేయించి పెట్టిన నలుపు తెలుపు టీవీ ఒకటి కొట్టులో ఉంది. దాన్ని ఎత్తయిన బల్ల మీద పెట్టించింది అత్తయ్య. వీడియో పెట్టెలో ఏదో పాత సినిమా వేయించింది. తెర మధ్యలో లేత రంగు చొక్కా వేసుకున్న మనిషి ఎవరో నిలబడి మాట్లాడుతున్నాడు. కొట్టులోంచి రంగుల అట్ట తెప్పించి, తన చేత్తోనే టీవీ ముందు తాళ్ళతో కట్టింది. కడుతుండగా మా ఆయన సాయం పట్టి, అట్టని టీవీ అద్దానికి ఆనించబోయాడు.

"అలా కాదు. బెత్తెడు ఎడం ఉండాలి. మీ నాన్న కొట్టిన మేకు ముందుకి పడింది" అంది.

అన్నదమ్ములిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"నాన్న కొట్టిన మేకా?" అన్నారు బావగారు. "అమ్మా, మనది కలర్..." అని ఆగిపోయారు. ఆ ముఖంలో మాట ఎలా చచ్చిపోయిందో నేను చూశాను.

"పెద్దాడా, నువ్వు నీ కుర్చీలో కూర్చో. చిన్నాడా, నువ్వెక్కడ కూర్చునేవాడివి?"

"కింద" అన్నాడు మా ఆయన. "టీవీ కిందే. దగ్గరగా."

"కూర్చో మరి."

ఇద్దరూ చిన్నపిల్లల్లా వెళ్ళి కూర్చున్నారు. అత్తయ్య దీపం ఆర్పింది. మబ్బు పట్టి గది ఎలాగూ మసకగానే ఉంది.

"పెద్దాడా, చొక్కా ఏం రంగురా?"

"ఎరుపు" అన్నారు బావగారు, ఎప్పటిలా గట్టిగా కాదు.

"నీకురా?"

మా ఆయన అట్ట కింది పట్టీలోంచి తలెత్తి చూస్తూ, "ఆకుపచ్చ" అన్నాడు.

తెర మీద మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. బావగారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ వచ్చి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుని పైకి చూశారు.

"ఆకుపచ్చేరా" అన్నారు.

మా ఆయన లేచి వెళ్ళి అన్న కుర్చీలో కూర్చున్నాడు. "ఇక్కణ్ణుంచి ఎరుపే అన్నయ్యా" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఒకరినొకరు గుడ్డివాళ్ళన్న మనుషులు వీళ్ళేనా అని నవ్వొచ్చింది నాకు. నవ్వు వెంటే ఏడుపూ వచ్చింది. ఇద్దరూ చూసింది నిజమే. ఒకరు కూర్చున్న చోట ఒకరు ఒక్క రోజు కూర్చుని ఉంటే సరిపోయేది.

"మీరు ఏడవకుండా ఉండాలని కట్టారురా ఆయన. మోసం చేద్దామని కాదు" అంది అత్తయ్య, గోడకి ఆనుకుని.

బావగారు నేల మీంచే చెయ్యి చాపి తల్లి కాలు పట్టుకున్నారు. "పిచ్చి అమ్మా. ఇది చెప్పడానికి భయపడ్డావా? ఎదురింటివాళ్ళు కలర్ టీవీ కొనుక్కున్నారు, అంతే. మా నాన్న మాకోసం రంగులు కట్టి తెచ్చాడు" అన్నారు. ఆ మాటకి అత్తయ్య గుండెల మీద బరువు సగం దిగిపోయి ఉంటుంది, వెంటనే "సరే సరే, కాలు వదులు, పడతాను" అని కసిరింది.

కాసేపటికి బావగారు నావైపు తిరిగారు. "నేను ఆ కోటుని ముట్టుకునైనా చూడలేదమ్మాయ్. గొడుగేదీ?"

కండక్టరమ్మ బస్సు ఏదో నాకు తెలుసు. ముగ్గురం వానలో నిలబడి దాన్నే పట్టుకున్నాం. బస్సు కిటకిటలాడుతోంది. ఆవిడ మమ్మల్ని చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది, అందరి దగ్గరికీ వచ్చినట్టే మా దగ్గరికీ వచ్చింది.

"ఎక్కడికి?"

"మీ ఇంటికమ్మా" అన్నారు బావగారు. "నేను అన్నది తప్పు. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నేను చూసింది మా నాన్న కట్టిన రంగుని."

చుట్టూ ఉన్నవాళ్ళు ఈయనకేమైందోనని చూస్తున్నారు. ఆవిడకి ఆ మాట సగమే అర్థమై ఉంటుంది. కానీ ఊరంతా గురి పెట్టుకున్న పెద్దమనిషి నిండు బస్సులో తప్పు అన్నాడని మాత్రం అర్థమైంది. కళ్ళు గబగబా ఆర్పింది.

"ముందు టికెట్ తీసుకోండి. మా ఇల్లు చివరి స్టాపు" అంది.

డ్యూటీ దిగి ఆవిడ తాళం తీసేసరికి వాన కాస్త వెలిసింది. చిన్న ఇల్లు, శుభ్రంగా ఉంది. కిటికీ పక్కన కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, తల నున్నగా దువ్వుకుని. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"నాన్నా, వీళ్ళు నీ కథలు చూసేవాళ్ళట. టీవీలో."

ఆయన నవ్వాడు. ఎదుటివాళ్ళు ఇబ్బంది పడకూడదని నవ్వే నవ్వు. "అలాంటిదేదీ లేదంటున్నారండీ అందరూ. నేనే ఏదో అనుకుంటున్నట్టున్నాను. ఏమీ అనుకోకండి, కూర్చోండి" అన్నాడు.

మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజులు నొక్కుకున్నాయి. "ఆ గొంతే" అన్నాడు నా చెవిలో. బావగారు కుర్చీ కోసం చూడలేదు. ఉన్నచోటే నేల మీద కూలబడ్డారు. కోటు సంగతి ఆయన మళ్ళీ ఎత్తనే లేదు, దాన్ని పరీక్ష చేయనూ లేదు.

"మామయ్యా" అన్నారు.

పెద్దాయన ముందుకి వంగి, నెరిసిన తలతో తన కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషిని చూశాడు. "మీరు చూశారా?"

"చూశాం."

"మీ కళ్ళతో?"

"మా కళ్ళతోనే. ఒక్క వారం మానలేదు. వీడికి ఒళ్ళు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చునేవాడు." మా ఆయన కూడా వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. "తాళంచెవి కథ చెప్పారు. విరిగిన దువ్వెన కథ చెప్పారు. ఈల కథ చెప్పిన వారం మేమిద్దరం ఈలలు కొనిపెట్టమని అమ్మ ప్రాణం తీశాం."

"ఈల" అన్నాడు పెద్దాయన. "ఈల ఉండేది. అవును. ఈల ఉండేది." కూతురి వైపు చూశాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో టీ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది, లోపలికి వెళ్ళనూ లేదు, బయటికి రానూ లేదు.

అప్పుడు ఆయన అడిగిన మాట నేను ఈ జన్మకి మర్చిపోను.

"అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు బాబూ. ఒక కెమెరా, దాని వెనక ఒకతను, అతనూ ఆవలిస్తూ ఉండేవాడు. నేను ఆ గాజు వైపు చూసి 'ఏ జేబు పిల్లలూ?' అని అడిగి ఆగేవాణ్ణి. మీరు చెప్తారని. డైరెక్టరుగారు తిట్టేవారు. అక్కడెవరున్నారని ఆగుతున్నావయ్యా, కానీ, కానీ అనేవారు. కాస్త ఆగి, ఎవరో చెప్పినట్టే తల ఊపి, ఏదో ఒక జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి." ఆయన చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "మీరు నిజంగా చెప్పేవాళ్ళా?"

"గొంతు చించుకుని చెప్పేవాళ్ళం" అన్నాడు మా ఆయన.

"ఒకసారి నేను చెప్పిన జేబులోనే చెయ్యి పెట్టారు" అన్నారు బావగారు. "మామయ్య నా మాట విన్నాడని బళ్ళో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను."

పెద్దాయన ఇంకాస్త ముందుకి వంగాడు. "అయితే నేను ఆగే ఆ కాసేపు మీకు సరిపోయేదా?" అని అడిగాడు.

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎక్కడ సరిపోయేది మామయ్యా?" అన్నారు బావగారు. "నేనొక జేబు అనేవాణ్ణి, వీడింకో జేబు అనేవాడు. మేం కొట్టుకుని తేల్చుకునేలోపే మీరు తీసేసేవారు."

పెద్దాయన పకపకా నవ్వాడు. ఈసారి మర్యాద కోసం నవ్విన నవ్వు కాదు. కండక్టరమ్మ టీ గిన్నె ఎక్కడో పెట్టేసి కోటు తెచ్చింది. ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి ఎక్కించి, కాలరు సర్దింది. ఆయన ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డాడు. నిలబడగానే ఆ వీపు తిన్నగా అయింది.

"సరే" అన్నాడు. "ఏ జేబు పిల్లలూ?"

ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఒకరు ఎడమ పైదన్నారు, ఒకరు కుడి కిందిదన్నారు. ముందు నేనంటే ముందు నేనని అక్కడే, ఆయన కాళ్ళ దగ్గరే మొదలుపెట్టారు. ఆయన తొందరపడలేదు. రెండు చేతులూ గాల్లోకెత్తి, తల ఒక పక్కకి వంచి, వాళ్ళు తేల్చుకునేదాకా అలాగే ఆగాడు.